పైకప్పు లేని కారుకు గడపే వెన్నెముక

పాత ఎంజీబీ రోడ్‌స్టర్ (గట్టి పైకప్పు లేని బ్రిటిష్ కారు) కొనడానికి వెళ్లినప్పుడు అనుభవం ఉన్నవాళ్లు ముందు బానెట్ ఎత్తరు. తలుపు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తలుపుకూ బాడీకీ మధ్య ఉన్న సందు చూస్తారు. ఆ సందు పైన గోరు కూడా పట్టనంత ఇరుకుగా, కింద వేలు దూరేంత వెడల్పుగా ఉంటే ముఖంలో రంగు మారిపోతుంది. తర్వాత ఒక పక్క జాకీ పెట్టి నెమ్మదిగా లేపి, తలుపు తీసి వేసి చూస్తారు. నేల మీద ఉన్నప్పుడు హాయిగా పడిన తలుపు ఇప్పుడు పట్టేసిందంటే ఆ కారు నడుం పోయినట్టే. ఇంజన్ ఎంత మెత్తగా తిరిగినా, పెయింట్ అద్దంలా మెరిసినా లాభం లేదు.

ఆ నడుం బలమంతా తలుపు కింద ఉంటుంది. కారెక్కేటప్పుడు మనం కాలు దాటించే పొడవాటి ఉక్కు పెట్టెను సిల్ అంటారు. ఇంటికి మనం గడప అనేదీ అదే కాబట్టి ఇక్కడ గడప అనే అంటాను.

ఈ కారు పుట్టింది ఇంగ్లండ్‌లో, ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్ అనే చిన్న ఊళ్లో. 1962లో తయారీ మొదలైంది. 1980 అక్టోబరులో ఫ్యాక్టరీ మూతపడే వరకూ సాగింది. గట్టి కప్పు ఉన్న జీటీ రకంతో కలిపి 5 లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం ఓడలెక్కి అమెరికా వెళ్లాయి. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఇప్పుడు హైదరాబాద్‌లో తిరిగే ఎంజీ కార్ల మీద ఉన్న బ్యాడ్జి ఆ పాత పేరుదే, చేతులు మారుతూ చైనా కంపెనీ దాకా వెళ్లింది. మనకు అంతకన్నా దగ్గరి చుట్టరికం ఇంకొకటి ఉంది. ఎంజీబీలోని 1798 సీసీ ఇంజన్ బీ-సిరీస్ అనే కుటుంబానిది. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు తిరిగిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ కూడా ఆ ఇంటిదే. అంబాసిడర్ మీద చేయి తిరిగిన మెకానిక్‌కు ఎంజీబీ బానెట్ కింద దాదాపు అన్నీ తెలిసిన ముఖాలే.

అయితే ఇంజన్ ఈ కారు అసలు సమస్య కాదు. దీనికి ముందు వచ్చిన ఎంజీఏకు కింద విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే ఉక్కు చట్రం, ఉండేది, బాడీ దాని మీద కూర్చునేది. ఎంజీబీకి ఛాసిస్ లేదు. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసిన బాడీయే బరువంతా మోస్తుంది. మామూలు కారులో ఈ పనికి పైకప్పు కూడా సాయం పడుతుంది. రోడ్‌స్టర్‌లో ఆ సాయం లేదు.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఒక చెప్పుల డబ్బా తీసుకుని మూత పెట్టి చుట్టూ టేపు అంటించండి. రెండు చివర్లూ పట్టుకుని తడిగుడ్డ పిండినట్టు మెలిపెట్టండి, ససేమిరా అంటుంది. మూత తీసేసి మళ్లీ తిప్పండి, చేతిలో వంకర్లు పోతుంది. అందుకే రోడ్‌స్టర్ తయారుచేసిన ఇంజనీర్లు ఆ బలాన్ని కిందికి దించి, రెండు గడపల్లోనూ మధ్యలో గేర్‌బాక్స్ మీదుగా వెళ్లే సొరంగంలోనూ పెట్టారు. ఎంజీబీ గడపలో బయటి రేకు, లోపలి రేకు, వాటి మధ్య నిలువుగా ఇంకో రేకు, అడుగున వీటిని కలిపే పట్టీ ఉంటాయి. అన్నీ కలిస్తే నలువైపులా మూసి ఉన్న గొట్టం.

'మూసి ఉన్న' అన్న మాటలోనే కిటుకంతా ఉంది. మందపాటి కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచు అంటించి మెలిపెడితే గట్టిగా నిలబడుతుంది. ఆ అతుకు వెంట బ్లేడుతో నిలువునా కోసి మళ్లీ తిప్పితే అంచులు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. కాగితం రవ్వంత కూడా తగ్గలేదు, కానీ బలం పోయింది. లెక్క ప్రకారం పలుచని గొట్టాన్ని అలా చీలిస్తే మెలికను తట్టుకునే గుణం వందల రెట్లు, ఒక్కోసారి వేల రెట్లు పడిపోతుంది. గడప బలం పోవాలంటే రేకంతా తినేయక్కర్లేదు, అడుగు అతుకు వెంట తుప్పు ఒక గీత గీస్తే చాలు.

తుప్పు ముందు పట్టేదీ ఆ అతుకులోనే. ముందు చక్రం విసిరిన బురద, చక్రాన్ని కప్పే వింగ్ అనే రేకు లోపల, గడప మొదట్లో పేరుకుంటుంది. చలికాలంలో మంచు కరగడానికి బ్రిటన్‌లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అదీ ఆ బురదలో కలుస్తుంది. గాలి బాగా తగిలేచోట కదా తుప్పు ఎక్కువ పట్టాలి అనిపిస్తుంది. జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. ఒకే తడి కింద ఒకచోట ఆక్సిజన్ ఎక్కువ, ఇంకోచోట తక్కువ అందితే ఆ రెండు చోట్ల మధ్య చిన్న బ్యాటరీ ఏర్పడుతుంది. ఆక్సిజన్ తక్కువగా ఉన్నచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరిగిపోతుంది. ఉప్పునీరు ఆ కరెంటుకు దారి సులువు చేస్తుంది. రెండు రేకులు అతుక్కున్న సందులోకీ బురద ముద్ద కిందికీ గాలి అందదు కాబట్టి అక్కడే లోహం పోతుంది. పైగా తుప్పు తను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకు అతుకు విచ్చుకుంటుంది, ఇంకాస్త నీరు చేరుతుంది.

ఒక కారు ఎవరెవరి చేతుల్లో ఎలా బతికిందో ఈ గడపలే చెబుతాయి. ఈ కార్లు రోజువారీ వాడుకలో ఉన్న రోజుల్లో బ్రిటన్‌లో వాటికి ఏటా ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష ఉండేది. చవగ్గా కొన్న యజమాని ఆ పరీక్ష గట్టెక్కడానికి కుళ్లిన గడపను అలాగే ఉంచి పైన కొత్త రేకు తొడుగు వేయించేవాడు. తర్వాతి యజమాని ఆ తొడుగు మీద లప్పం పూయించి రంగు కొట్టించేవాడు. అన్నేళ్ల తర్వాత గ్రైండర్ పెట్టి కోస్తే రంగు, లప్పం, తొడుగు, దాని లోపల పొడిపొడిగా రాలే అసలు గడప వరసగా బయటపడతాయి. తొడుగు వేసినవాడి మీద నాకు కోపం రాదు. అతనికి అది రోజూ పనికి తీసుకెళ్లే పాత కారు, అంతే.

సరిగ్గా బాగు చేయాలంటే చాలా ఓపిక కావాలి. గడప కోయడానికి ముందే తలుపు సందులకు అడ్డంగా ఉక్కు గొట్టాలు వెల్డ్ చేసి బిగిస్తారు. లేకపోతే కోసిన క్షణం బాడీ కుంగి, కొత్త గడప ఆ వంకరలోనే అతుక్కుపోతుంది. గడప రెండు చివర్లూ ముందు వింగ్ వెనక, వెనక వింగ్ కింద దాగి ఉంటాయి కాబట్టి ముందు వింగ్ బోల్టులు విప్పాలి, వెనక వింగ్ అడుగు భాగం కోయాలి. కళ్లకు కనిపించేంత మేరకే రేకు మార్చడం మళ్లీ పాత తొడుగు కథే. పని సాగుతున్నంతసేపూ తలుపు బిగించి సందు చూసుకుంటూనే ఉండాలి.

1988లో ఇంకో దారి తెరుచుకుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులను వెతికి పట్టుకుని ఎంజీబీ బాడీని మొత్తంగా కొత్తగా తయారుచేయడం మొదలుపెట్టింది. కుళ్లిన బాడీలోంచి ఇంజన్, యాక్సిళ్లు, సీట్లు, గేజీలు తీసి కొత్త బాడీలో బిగించుకోవచ్చు. మరి అది అదే కారా?

బ్రిటన్ రిజిస్ట్రేషన్ శాఖ భారీగా మార్చిన బండ్ల కోసం చాలా ఏళ్లు పాయింట్ల లెక్క నడిపింది. పాత బండిలోంచి మిగిలిన బాడీషెల్ లేదా ఛాసిస్‌కు 5, సస్పెన్షన్, యాక్సిళ్లు, గేర్‌బాక్స్, స్టీరింగ్‌లకు తలా 2, ఇంజన్‌కు 1. పాత నంబరు నిలవాలంటే కనీసం 8 రావాలి. కారుకు గుండె అని మనం చెప్పుకునే ఇంజన్‌కు ఒకే ఒక్క పాయింటు! గడపల సంగతి తెలిశాక అది నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

1990లో లండన్ హైకోర్టు ముందుకు ఇంతకన్నా పెద్ద చిక్కు వచ్చింది. ఫ్రాన్స్‌లో జరిగే లెమాన్స్ రేసును 1929, 1930ల్లో రెండుసార్లూ గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ 'ఓల్డ్ నంబర్ వన్'ను కోటి పౌండ్లకు బేరం చేసుకున్న సంస్థ, రేసు నాటి భాగాలు అందులో పెద్దగా మిగల్లేదు కాబట్టి ఇది ఆ కారే కాదని వెనక్కి తగ్గింది. భాగాలు మారుతూ వచ్చినా కారు బతుకు ఎక్కడా తెగలేదు, ఆ పేరుకు పోటీగా ఇంకో కారూ లేదని చూసి జస్టిస్ ఆటన్ అమ్మిన యజమాని పక్షాన తీర్పు చెప్పారు.

ఎంజీబీకి అంత పేరు లేకపోయినా పుట్టుపూర్వోత్తరాలు కాగితం మీద ఉన్నాయి. మొదటి తరం రోడ్‌స్టర్ల నంబరు జీహెచ్‌ఎన్3తో మొదలవుతుంది, తర్వాత ఎల్ ఉంటే ఎడమ స్టీరింగ్. ఫ్యాక్టరీ రికార్డులు ఇంగ్లండ్‌లోని గేడన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. అడిగితే కారు తయారైన తేదీ, మొదటి ఇంజన్ నంబరు, ఏ రంగులో ఏ దేశానికి వెళ్లిందో రాసిన సర్టిఫికెట్ ఇస్తారు. కాలిఫోర్నియాలో బతికి బ్రిటన్‌కు తిరిగొచ్చిన కార్లకు ఈ కాగితం మరీ ముఖ్యం. అక్కడి పొడి గాలికి గడపలు గట్టిగా ఉంటాయి, ఎండకు డాష్‌బోర్డు పగిలిపోతుంది. ఆ డాష్‌బోర్డు విప్పితే దాని వెనక, తర్వాత ఎవరి బ్రష్షూ చేరని మూల, ఒక్కోసారి అసలు రంగు కనిపిస్తుంది. బయట ఆకుపచ్చ, లోపల నీలం. సర్టిఫికెట్ పక్కన పెట్టి చూస్తే దాని మీదా అదే రంగు పేరు.