ఇంగ్లండ్‌లో బాలింతల మరణాలు ఎలా తగ్గాయి: అపోహలు, వాస్తవాలు

పురుళ్లు పోయడమే నా వృత్తి. ఇంగ్లండ్ సంగతి ఎత్తగానే మా వాళ్లు కూడా "అక్కడ డబ్బుంది, మరణాలు తగ్గాయి" అనేస్తారు. నాకు మనసు ఊరుకోదు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: పేదరికం వల్లే తల్లులు చనిపోయారు.

వాస్తవం: ఏడాది నిండని పిల్లల విషయంలో చాలావరకు నిజమే. ఇరుకిళ్లు, పాడైన సీసా పాలు, విరేచనాలు. తల్లుల కథ వేరు. 1930ల మొదట్లో కలవారి ఇళ్లలో బాలింతల మరణాలు కూలీల ఇళ్లకంటే కాస్త ఎక్కువే! వాళ్లు డాక్టర్ని పిలిపించుకునేవారు, ఆయన తొందరపడి ఫోర్సెప్స్ (బిడ్డను బయటికి లాగే పటకారు) వేసేవాడు, తన గొంతులోని స్ట్రెప్టోకాకస్ అనే క్రిమిని తెలియకుండానే అంటించేవాడు. పేదింట్లో మిడ్‌వైఫ్ ఓపిగ్గా కూర్చునేది.

లాంకషైర్‌లో రోచ్‌డేల్ అనే నూలు మిల్లుల ఊరుంది, 1930 ప్రాంతంలో తల్లుల మరణాల్లో దేశంలోకెల్లా అధ్వాన్నమైన ఊళ్లలో ఒకటి. హెల్త్ ఆఫీసర్ ఆండ్రూ టాపింగ్ డాక్టర్లతో, మిడ్‌వైఫ్‌లతో మాట్లాడి, కాన్పుకు ముందు పరీక్షలు పెంచి, అనవసరపు ఫోర్సెప్స్ తగ్గించి, కష్టమైన కేసుకు స్పెషలిస్టు వచ్చేలా చేశాడు. ఆర్థిక మాంద్యంలో మిల్లులకు పనిలేని ఆ రోజుల్లోనే, కొద్ది ఏళ్లలో మరణాలు బాగా పడిపోయాయి.

అపోహ: అంతా 1948లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వచ్చాకే.

వాస్తవం: 1900లో వెయ్యికి 150 దాకా ఉన్న శిశు మరణాలు అప్పటినుంచే తగ్గుతూ 1950కి 30 దగ్గరికొచ్చాయి. తల్లుల లెక్క మాత్రం 1930ల మధ్యదాకా వెయ్యి కాన్పులకు నాలుగు, అయిదు దగ్గరే ఆగిపోయింది. ఆ క్రిమి సోకితే కాన్పయిన రెండో రోజో మూడో రోజో ఒళ్లు కాలుతుంది, పొట్ట ఉబ్బుతుంది, నాడి పరుగెడుతుంది. జ్వరం 100.4 డిగ్రీలు దాటి ఒక రోజంతా నిలిస్తే అధికారులకు తెలపాలని 1926లోనే నియమం పెట్టారు, కానీ తెలిపాక వేయడానికి మందేదీ? 1936లో లండన్ క్వీన్ షార్లెట్స్ ఆసుపత్రిలో లెనార్డ్ కోల్‌బ్రూక్ అనే డాక్టరు ప్రాంటోసిల్ అనే సల్ఫా మందుతో బాలింతలు బతుకుతున్నారని చూపించాడు. తర్వాత యుద్ధకాలపు రక్తనిధులు, పెన్సిలిన్. ఎన్‌హెచ్‌ఎస్ మొదలయ్యే నాటికే మరణాలు వెయ్యికి ఒకటి దరిదాపుల్లోకి వచ్చేశాయి.

అపోహ: ఇంటి కాన్పులు మానేశారు కాబట్టే బతికారు.

వాస్తవం: 1960లో కూడా మూడింట ఒక వంతు కాన్పులు ఇళ్లలోనే. తేడా వస్తే ఫ్లయింగ్ స్క్వాడ్ అంబులెన్స్‌లో డాక్టరు, నర్సు, రక్తం సీసాలతో సహా ఇంటికే వచ్చేది. రక్తం పోయి చల్లబడిన మనిషిని కదిలిస్తే దారిలోనే పోతుంది, అందుకే ముందు ఆమె మంచం దగ్గరే రక్తం ఎక్కించి, నాడి కుదుటపడ్డాకే బయల్దేరేవారు.