కాస్తుదారుణ్ని అడగకుండా కట్టిన పోర్టల్

తెలంగాణ భూ రికార్డుల కొత్త పోర్టల్ భూభారతిలో అర్జీలు తేలడం లేదన్న గొడవ నల్గొండ, పాలమూరు తహసీల్ ఆఫీసుల ముందు మళ్లీ రాజుకుంది. 2025 జూన్ రెవెన్యూ సదస్సుల్లో రాష్ట్రమంతటా వచ్చిన దరఖాస్తులే 8 లక్షలు దాటాయి. ఇదంతా పాత పోర్టల్ ధరణి పాపమని ఒకరంటే, కొత్త సర్కారు చేతగానితనమని ఇంకొకరు. నిజాం నాటి సర్వే సంగతులు ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ధరణి మొదలైన 2020 అక్టోబరు 29 కూడా అసలు మలుపు కాదు. అది మూడేళ్ల ముందే జరిగిపోయింది.

2017 సెప్టెంబరు 15న భూ రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టారు. పేచీ లేని భూములు పార్ట్-ఏలోకి, ఉన్నవి పార్ట్-బిలోకి వెళ్లాయి. మరుసటి ఏడాది మే 10న రైతుబంధు వచ్చింది, పంటకు ఎకరానికి 4,000 రూపాయలు. ఆ డబ్బు ఇవ్వడానికి సర్కారుకు కావలసింది ఒక్క ముక్కే: ఈ సర్వే నంబరుకు పట్టాదారు ఎవరు? ఊరి భూముల రికార్డైన పహాణీలో పట్టాదారు పక్కనే ఉంటూ వచ్చిన కాస్తు కాలమ్, అంటే చేను ఎవరు సాగు చేస్తున్నారో రాసే గడి, కొత్త రికార్డులో లేకుండా పోయింది. సాఫ్ట్‌వేర్ వాళ్ల మాటల్లో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్లు, అంటే పోర్టల్ ఏం చేయాలన్న లెక్కలు, అక్కడే ఖాయమయ్యాయి. క్లయింటు సర్కారు. ధరణిని తయారుచేసిన ప్రైవేటు సంస్థ క్లయింటు అడిగింది అడిగినట్టు చేసి ఇచ్చింది.

వాడాల్సినవాళ్లు వేరు. తహసీల్ ఆఫీసులో ఆపరేటరు, మీసేవ కుర్రాడు, తాత పేరు మీదే పట్టా ఉన్న దేవరకొండ తండా రైతు, పుణె పనికి పోయి పండక్కి ఊరికొచ్చే నారాయణపేట కూలీ. వీళ్లలో నలుగురిని కూర్చోబెట్టి అడిగితే ఒక్క పూటలో తేలిపోయే చిక్కులే అన్నీ: ఫౌతి (చనిపోయినవాళ్ల పేరు నుంచి వారసుల పేరుకు మార్పు) చేయించుకోని పట్టా, గల్లంతైన సర్వే నంబరు, విస్తీర్ణంలో తేడా, తెల్లకాగితం మీద కొనుక్కున్న సాదాబైనామా. అడగలేదు కాబట్టి ఒక్కొక్కటీ అర్జీలుగా వచ్చి, సర్క్యులర్లుగా మారి, చివరికి పోర్టల్‌లో ఒక్కో దరఖాస్తు రకంగా, అంటే మాడ్యూల్‌గా తేలింది. పాసుపుస్తకంలో పేరు తప్పు పడ్డా టీఎం 33 అనే మాడ్యూల్ కింద దరఖాస్తు, అది కలెక్టర్ లాగిన్‌కు పోయేది. తప్పేమిటో తెలిసిన తహసీల్దారు చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. ఏ చేను ఎవరు దున్నుతున్నారో చెప్పగల ఊరి రెవెన్యూ అధికారి వీఆర్వోనైతే పోర్టల్ రావడానికి నెల ముందే రద్దు చేశారు.

వీఆర్వోల లంచాలకు అడ్డుకట్ట వేశాం, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒక్క పూటలో చేసి చూపాం అంటారు అప్పటి పాలకులు. పేచీ లేని భూమికి ఆ మాట నిజమే.

భూభారతి వాళ్లు కొంత నయం. 2024 ఆగస్టులో చట్టం ముసాయిదాను జనం ముందు పెట్టి సలహాలు అడిగారు. అప్పీలు తిరిగొచ్చింది, సాగు చేసేవాళ్ల పేరు రాసే అనుభవదారు కాలమూ తిరిగొచ్చింది. అయినా పోర్టల్‌ను 2025 ఏప్రిల్ 14న ప్రారంభించాకే, పాత పాలమూరులోని మద్దూరు సహా నాలుగు మండలాల్లో ఊరూరా సదస్సులు పెట్టారు. కొత్త తెర ముందు కూర్చోబోయేవాళ్ల మాట ఈసారీ ఆఖరుకే వచ్చింది.

ఇప్పటి పేచీలో పెద్ద ముడి సాదాబైనామాలది. 2014 జూన్ 2కు ముందు కొని, చట్టం వచ్చేనాటికి 12 ఏళ్లుగా సాగులో ఉండి, 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 లోపు దరఖాస్తు పెట్టుకున్న సన్న, చిన్నకారు రైతుకే క్రమబద్ధీకరణ అంటోంది కొత్త చట్టం. ఆ 12 ఏళ్లలో సగానికి పైగా పహాణీలో కాస్తు కాలమే లేదు. ఆ ఏళ్లలో సాగు చేసినట్టు ఆర్డీఓకు చూపడానికి రైతు దగ్గర సర్కారు కాగితం లేదు, పక్క చేను వాళ్ల సాక్ష్యం తప్ప.