టైల్‌ని వెనక్కి తిప్పి చూడండి

బాత్రూంకి టైల్స్ కొనడానికి వెళ్లినప్పుడు రంగు చూస్తాం, మెరుపు చూస్తాం, అడుగు ఎంతని అడుగుతాం. వెనక్కి తిప్పి చూసేవాళ్లు తక్కువ. షాపులో ఒక గోడ టైల్, నేలకి వేసే విట్రిఫైడ్ టైల్ ఒకటి అడిగి తీసుకుని, రెండిటి వీపు మీదా ఒక్కో నీటి చుక్క వేయండి. గోడ టైల్ మీద చుక్క చూస్తుండగానే ఇంకిపోయి ముదురు మచ్చ మిగులుతుంది. విట్రిఫైడ్ మీద చుక్క అలాగే నిలబడుతుంది.

ఆ తేడా కొలిమిలో పుడుతుంది. బంకమట్టి, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ పొడులు కలిపి, గట్టిగా నొక్కి కాల్చిన పలకే టైల్. 1,200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఫెల్డ్‌స్పార్ కరిగి, గాజుగా మారి, రేణువుల మధ్య ఖాళీలను పూడ్చేస్తుంది. విట్రిఫైడ్ టైల్‌లో ఈ పని దాదాపు పూర్తిగా జరుగుతుంది కాబట్టి అది తన బరువులో 0.5 శాతానికి మించి నీళ్లు పీల్చదు. గోడ టైల్‌ని కావాలనే కాస్త గుల్లగా ఉంచుతారు. అది 10 శాతానికి పైగా పీలుస్తుంది, కానీ తేలిగ్గా ఉంటుంది, కోయడం సులువు, సిమెంటు బాగా పడుతుంది. మేస్త్రీ గోడ టైల్స్‌ని ముందుగా నీళ్లలో నానబెట్టేది ఇందుకే. పొడిగా అంటిస్తే సిమెంటు గట్టిపడటానికి కావాల్సిన నీళ్లను టైలే లాగేసుకుంటుంది. నానేటప్పుడు బుడబుడమని పైకొచ్చేది ఆ రంధ్రాల్లోని గాలి. విట్రిఫైడ్‌కి పీల్చే గుణం లేదు, ఉత్త సిమెంటు పాలు దాన్ని సరిగా పట్టుకోలేవు. దానికి పాలిమర్ కలిసిన అడెసివ్ వాడాలి. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

ఇక నీళ్ల సంగతి. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్లుండే ఎన్నో అపార్ట్‌మెంట్లకు కావేరి నీళ్లు చాలక బోరు, ట్యాంకరు నీళ్లు వస్తాయి. కొత్త బాత్రూంలోనైనా కొన్నాళ్లకే కుళాయిల చుట్టూ, టైల్స్ సందుల్లో తెల్లటి పెచ్చు కడుతుంది. ఈ నగరం కింద ఉన్నది నైస్ అనే శిల. లాల్‌బాగ్‌లో బయటికి కనిపించే గుట్ట అదే, వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. వాన నీళ్లు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని, ఆ రాతి పగుళ్లలో నిలిచి, అందులోని ఖనిజాల నుంచి కాల్షియం, మెగ్నీషియంలను కరిగించుకుంటాయి. ఆ ఖనిజాల్లో ఫెల్డ్‌స్పార్ ముఖ్యమైనది. అంటే టైల్‌ని గట్టిపరిచిన ఖనిజానికి చుట్టమే దాని మీద పెచ్చు కట్టడానికీ కారణమవుతోంది! తాగునీటి కాఠిన్యం, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియంల లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే నీళ్లు దొరకనిచోట 600 దాకా సరిపెట్టుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణం. నీళ్లు ఆరినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. ఆ పెచ్చు అదే.

దాన్ని వదిలించడానికి చాలా ఇళ్లలో యాసిడ్ పోస్తారు. పెచ్చు నురగ కక్కి కరిగిపోతుంది. టైల్ మీది గ్లేజు గాజు గనక దానికి పెద్దగా ఏమీ కాదు. సందుల్లోని సిమెంటు గ్రౌట్ కూడా కాల్షియం పదార్థమే, యాసిడ్ దాన్నీ తినేస్తుంది. కడిగిన ప్రతిసారీ ఇంత చొప్పున గ్రౌట్ పోయి, ఆ దారిన నీళ్లు స్లాబ్ మీద నింపిన ఇటుక ముక్కల్లోకి దిగి, కింది ఇంటివాళ్ల సీలింగ్‌లో చెమ్మగా తేలతాయి. యాసిడ్‌తో బ్లీచింగ్ కలిస్తే విషవాయువు క్లోరిన్ వస్తుంది, ఆ రెండూ ఎప్పుడూ కలపకండి. స్నానమయ్యాక వైపరుతో గోడల మీది నీళ్లు లాగేస్తే పెచ్చు కట్టడానికి నీళ్లే మిగలవు. కొత్తగా కట్టించుకునేవాళ్లు స్నానం చేసే చోటుకైనా ఎపాక్సీ గ్రౌట్ వేయించుకోవాలి. ఖరీదెక్కువే, కానీ అది నీళ్లు పీల్చదు, మామూలు క్లీనర్లు దాన్ని తినేయలేవు. అయినా నీళ్లను నిజంగా ఆపేది టైల్ కింది వాటర్‌ప్రూఫింగ్ పొర. అది వేశాక నీళ్లు నిలగట్టి కనీసం ఒక రోజు ఉంచి, కింద చెమ్మ రాలేదని చూసుకున్నాకే టైల్స్ మొదలుపెట్టించండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే నేల టైల్ విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. నున్నటి టైల్ మీద సబ్బు నీళ్లు పాదం కింద నుంచి పక్కకు తప్పుకోలేక పలచటి పొరగా ఉండిపోతాయి, కాలు ఆ పొర మీద జారుతుంది. గరుకు టైల్‌లోని చిన్న చిన్న పల్లాలు ఆ నీళ్లకు చోటిస్తాయి. జర్మనీ పద్ధతిలో దీన్ని మనుషులతోనే పరీక్షిస్తారు. ఏటవాలు బల్ల మీద టైల్స్ పరిచి, సబ్బు నీళ్లు పారిస్తూ, ఉత్తకాళ్లతో నడిపిస్తూ వాలు పెంచుతారు. 18 డిగ్రీల దాకా జారకపోతే బీ తరగతి. స్నానం చేసేచోటికి అదైనా ఉండాలి.

నేలకి నేనైతే ఒక అడుగు టైల్సే వేయించుకోమంటాను. సందులు ఎక్కువ కాబట్టి కాలికి పట్టు ఉంటుంది, నాలుగు వైపుల నుంచీ నీళ్లు పోయే జాలీ వైపు వాటం, అంటే వాలు, ఇవ్వడం కుదురుతుంది. రెండడుగుల టైల్ వంగదు కదా, వాటం మారేచోట దాన్ని మూలగా కోయాలి. పెద్ద టైలే కావాలనుకుంటే మధ్యలో జాలీ మానేసి, గోడ పొడవునా సన్నటి జాలీ పెట్టించి, నేలంతా ఒకే వైపు వాలేలా చేయించాలి. ఆ సంగతి పైపులు వేయకముందే మేస్త్రీతో చెప్పాలి.