ప్రతి బటన్‌కూ ఓ మోడల్ అక్కర్లేదు: ఎల్మ్ కాంపొనెంట్లపై అపోహలు - వాస్తవాలు

రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) చెయ్యి తిరిగినవాళ్లు ఎల్మ్‌కి (అదే పనికి వాడే ఫంక్షనల్ భాష) రాగానే చేసే మొదటి పని బటన్‌కో ఫైలు, డ్రాప్‌డౌన్‌కో ఫైలు తెరిచి, ఒక్కోదాంట్లో మోడల్ (దాచుకునే డేటా), మెసేజ్ (ఏం జరిగిందో చెప్పేది), అప్‌డేట్ (మెసేజ్‌ని బట్టి మోడల్‌ని మార్చే ఫంక్షన్), వ్యూ (మోడల్‌ని తెర మీద చూపే ఫంక్షన్) పెట్టడం. కొన్నాళ్లకి అసలు పని కంటే మెసేజ్‌లు అటూ ఇటూ మోసే కోడే ఎక్కువవుతుంది. అప్పుడు నింద భాష మీదికి పోతుంది.

అపోహ: కాంపొనెంట్ (పేజీలో మళ్లీ మళ్లీ వాడుకునే ముక్క) అన్నాక దాని మోడల్, దాని అప్‌డేట్ ఉండి తీరాలి.

వాస్తవం: ఎల్మ్‌లో కాంపొనెంట్ అనే ప్రత్యేక వస్తువేదీ లేదు, ఉన్నవి ఫంక్షన్లే. బటన్‌కి కావలసినవి లేబుల్, డిసేబుల్ అయిందో లేదో, నొక్కితే ఏ మెసేజ్ పంపాలో. ఈ మూడింటినీ రికార్డ్‌గా తీసుకుని హెచ్‌టీఎంఎల్ తిరిగిచ్చే ఫంక్షన్ చాలు. తిరిగిచ్చే టైప్‌లో మాత్రం మెసేజ్ స్థానంలో చిన్నక్షరాల టైప్ వేరియబుల్ (ఏ టైప్ అయినా ఇమిడే పేరు) ఉండాలి. అక్కడ ఒక పేజీ సొంత మెసేజ్ టైప్ రాసేస్తే ఆ బటన్ ఇంకో పేజీలో నేరుగా ఇమడదు.

ఆటోకంప్లీట్ లాంటివాటి సంగతి వేరు. జాబితా తెరిచి ఉందా, ఏ వరుస హైలైట్ అయింది అనేవి నిజంగా దాని సొంత స్టేట్ (తను గుర్తుంచుకోవాల్సిన స్థితి). అలాంటప్పుడు కలపాల్సిన చోట్లు ఐదు: పేరెంట్ మోడల్‌లో ఒక ఫీల్డ్, పేరెంట్ మెసేజ్‌లో చైల్డ్ మెసేజ్‌ని చుట్టే ఒక వేరియంట్, అప్‌డేట్‌లో ఒక బ్రాంచ్ (కమాండ్‌కి, అంటే రన్‌టైమ్‌తో చేయించే పనికి, మ్యాప్ ఇక్కడే; మ్యాప్ అంటే చైల్డ్ మెసేజ్‌ని పేరెంట్ మెసేజ్‌గా మార్చడం), వ్యూలో హెచ్‌టీఎంఎల్‌కి మ్యాప్, సబ్‌స్క్రిప్షన్లకి (బయటి ఘటనలు వినే ఏర్పాటు) మ్యాప్. చాలా తప్పుల్ని కంపైలర్ పట్టుకుంటుంది కానీ రెండింటిని వదిలేస్తుంది. సబ్‌స్క్రిప్షన్ కలపడం మరిచిపోతే, దాని మీద ఆధారపడిన డ్రాప్‌డౌన్ బయట క్లిక్ చేసినా మూసుకోదు. చైల్డ్ ఇచ్చిన కమాండ్‌ని అండర్‌స్కోర్‌తో పారేస్తే ఫోకస్ వెళ్లాల్సిన బాక్స్‌కి వెళ్లదు. ఎర్రర్ మాత్రం ఎక్కడా రాదు.

అపోహ: టేబుల్ కాంపొనెంట్ తన డేటాను తనలోనే ఉంచుకోవాలి.

వాస్తవం: ఎల్మ్ సృష్టికర్త ఇవాన్ చాప్లిక్కీ రాసిన ఎల్మ్ సార్టబుల్ టేబుల్ ప్యాకేజీని చూడండి. దాని స్టేట్‌లో ఉండేవి రెండే: ఏ కాలమ్ ప్రకారం సార్ట్ చేయాలి, వరుస తిరగేయాలా వద్దా. వరుసల డేటాను ప్రతిసారీ వ్యూకి ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వాలి. స్టేట్‌లో జాబితా కాపీ పెట్టుకుంటే సర్వర్ నుంచి కొత్త డేటా వచ్చాక కూడా తెర మీద పాత వరుసలే కనిపిస్తాయి. కాన్ఫిగ్ రికార్డ్‌ని (టేబుల్ ఎలా చూపాలో చెప్పే సెట్టింగులు) కూడా మోడల్‌లో పెట్టకూడదు. అందులో ఫంక్షన్లుంటాయి, రెండు ఫంక్షన్లు సమానమా అని పోల్చబోతే ఎల్మ్ రన్‌టైమ్‌లో కూలుతుంది. ఈ భాషలో అరుదుగా కనిపించే క్రాష్‌లలో అదొకటి.

అపోహ: మోడల్‌లో శుభ్రమైన, సరైన విలువే ఉండాలి, కాబట్టి టైప్ చేస్తుండగానే సరిదిద్దాలి.

వాస్తవం: ఫారాల కొంప ముంచేది ఇదే. ధరని ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) నిల్వ చేసే టెక్స్ట్ బాక్స్ తీసుకోండి. యూజర్ 12 కొట్టి చుక్క పెడతాడు. '12.' అనేదాన్ని ఎల్మ్ 12గా చదువుతుంది, వ్యూ తిరిగి '12' అని రాస్తుంది, చుక్క మాయం. తర్వాత 5 కొడితే 125. పన్నెండున్నర రూపాయల వస్తువు నూట పాతికకి ఎక్కి కూర్చుంటుంది! చిరునామా బాక్స్‌లో ప్రతి అక్షరానికీ ట్రిమ్ చేస్తే (చివర్లలోని స్పేస్‌లు తీసేస్తే) 'రాజమండ్రి' తర్వాత కొట్టిన స్పేస్ అప్పటికప్పుడే పోయి 'రాజమండ్రిరోడ్డు' అవుతుంది. యూజర్ కొట్టినదాన్ని స్ట్రింగ్‌గా ఉన్నదున్నట్టు ఉంచండి. పార్స్ చేయడం (స్ట్రింగ్‌ని సంఖ్యగా చదవడం), ట్రిమ్ చేయడం సబ్మిట్ అప్పుడో, ఫోకస్ బయటికి పోయినప్పుడో. కాంపొనెంట్ ఆ స్ట్రింగ్‌నీ, చూపాల్సిన ఎర్రర్‌నీ ఆర్గ్యుమెంట్లుగా తీసుకుంటే సరి.

అపోహ: వ్యూ మొత్తం మళ్లీ లెక్కిస్తుంది కాబట్టి నెమ్మది. లేజీ (ఇచ్చినవి మారకపోతే వ్యూలో ఆ ముక్కని మళ్లీ లెక్కించకుండా వదిలేసే ఫంక్షన్) పెడితే బాగుపడుతుంది.

వాస్తవం: మామూలు పేజీకి లేజీ అక్కర్లేదు. వేల వరుసలున్నప్పుడు కావాలి, అప్పుడు కూడా పెట్టినంత మాత్రాన పనిచేయదు. లేజీ తన ఆర్గ్యుమెంట్లని విలువలు విప్పి పోల్చదు, పాత రిఫరెన్సేనా (మెమరీలో అదే వస్తువేనా) కాదా అని మాత్రమే చూస్తుంది. అక్కడికక్కడ రాసిన అనామక ఫంక్షన్ ఇచ్చినా, వ్యూలోనే రికార్డ్ కట్టి ఇచ్చినా ప్రతిసారీ కొత్తదే, ఆదా శూన్యం. అప్‌డేట్‌లో దాగే తప్పు ఇంకొకటి: ఒక వరుసను ఎంచుకోగానే జాబితా అంతటికీ మ్యాప్ కొట్టి ప్రతి రికార్డ్‌లో 'సెలెక్టెడ్' ఫీల్డ్ తిరగరాయడం. విలువ మారకపోయినా రికార్డులన్నీ కొత్తవైపోతాయి. ఎంచుకున్న ఐడీని మోడల్‌లో విడిగా పెట్టుకుని, ప్రతి వరుసకీ రికార్డ్‌తో పాటు 'ఎంచుకున్నదా' అనే బూలియన్ పంపండి. అప్పుడు మళ్లీ లెక్క తేలేది రెండు వరుసలకే.

అపోహ: వరుస సంఖ్యనే కీగా (జాబితాలో ఒక్కో వరుసనీ గుర్తుపట్టే పేరుగా) ఇవ్వొచ్చు.

వాస్తవం: అది కీ ఇవ్వకపోవడంతో సమానం. మొదటి వరుస తీసేస్తే బ్రౌజర్‌లోని ఎలిమెంట్లు స్థానాన్ని బట్టి తిరిగి వాడబడతాయి, ఫోకసూ నడుస్తున్న యానిమేషనూ పక్క వరుసకి అంటుకుంటాయి. డేటాబేస్ ఐడీ ఇవ్వండి.

అపోహ: ఇదంతా ఎల్మ్ గొడవ, రియాక్ట్ వాళ్లకి పనికిరాదు.

వాస్తవం: రియాక్ట్‌తో ఎక్కువగా వాడే స్టేట్ లైబ్రరీ రిడక్స్‌కి ప్రేరణల్లో ఎల్మ్ ఆర్కిటెక్చర్ ఒకటి. స్టేట్ ఎక్కడ ఉంచాలి, కీ ఏది ఇవ్వాలి అన్నవి రెండు చోట్లా ఒకటే. రియాక్ట్‌కి మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది: ఒక కాంపొనెంట్ ఫంక్షన్ లోపల ఇంకో కాంపొనెంట్‌ని నిర్వచించడం. పైది రెండర్ అయినప్పుడల్లా లోపలిది కొత్త టైప్ అవుతుంది, రియాక్ట్ పాతదాన్ని పీకేసి కొత్తది పెడుతుంది. ఒక్కో అక్షరానికీ ఇన్‌పుట్ ఫోకస్ పోతోందంటే ముందు చూడాల్సింది అక్కడే. లోపలి కాంపొనెంట్‌ని ఫైలు పై స్థాయికి జరిపి, కావలసినవి ప్రాప్స్‌గా (రియాక్ట్‌లో కాంపొనెంట్‌కి ఇచ్చే ఆర్గ్యుమెంట్లుగా) పంపితే ఫోకస్ నిలుస్తుంది.