విజయనగరం వాదన వెనుక ఢిల్లీ వాద్యబృందం

విజయనగరంలో ఆ మాట మళ్లీ లేచింది. వీణ, వయొలిన్, వేణువు, మృదంగం కలిపి పాతికమందితో ఊరికి ఒక వాద్యబృందం ఉండాలని కుర్రవాళ్లు అడుగుతున్నారు. ఎదురుగా ఒకాయన కండక్టర్‌గా నిలబడి చెయ్యి ఊపుతుంటే వాయించేది మన సంగీతం ఎలా అవుతుందని, అప్పటికప్పుడు కల్పించి వాయించే మనోధర్మం ఏమైపోతుందని పెద్దలు అంటున్నారు.

ఈ ప్రశ్నను ఆకాశవాణి ఎప్పుడో ఎదుర్కొంది. 1930ల చివర్లో ఢిల్లీ రేడియోలో జాన్ ఫౌల్డ్స్ అనే ఇంగ్లీషు స్వరకర్త మన కళాకారులకు స్వరలిపి నేర్పి ఆర్కెస్ట్రా కట్టబోయాడు. 1939లో ఆయన చనిపోవడంతో అది ఆగింది. అసలు మలుపు 1952. ఆ ఏడాది ఢిల్లీలో జాతీయ వాద్యబృందం పుట్టింది. రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ దాన్ని నడిపారు. ఉత్తరాది, దక్షిణాది వాద్యాలు ఒకే గదిలో కూర్చున్నాయి.

చిక్కంతా గమకం దగ్గర, అంటే స్వరాన్ని ఊపి పలికించడం దగ్గర వచ్చింది. తోడి రాగంలో గాంధార స్వరం కాగితం మీద ‘గ’ అనే ఒక్క అక్షరమే. వీణ మీద అది ఒకచోట నిలవదు, ఊగుతూనే ఉంటుంది. పదిమంది పది రకాలుగా ఊపితే వినేవాళ్లకు గోలే మిగులుతుంది. గమకం పలకదనే కదా 1940లో రేడియో హార్మోనియంను నిషేధించింది! అలాంటి రేడియోయే బృందం కట్టాలంటే కలిసి వాయించే భాగాన్ని ముందే ఖాయం చేసుకోవాలి, ఊపు కూడా అందరిదీ ఒకటయ్యేలా సాధన చేయాలి. మధ్యలో ఒకరికి విడిగా చోటు వదిలితే మనోధర్మం అక్కడ ఉంటుంది.

ఇది చేయించడానికి చెయ్యి ఊపడం ఒక్కటీ వస్తే చాలదు, గమకం వేళ్లలో ఉన్న మనిషి కావాలి. రవిశంకర్ 1956లో వెళ్లిపోయాక వేణువు విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ వచ్చారు. 1960లో ఆయన పోయాక, సినిమా సంగీతం వదిలి వచ్చిన అనిల్ బిశ్వాస్ 1963లో ఆ బాధ్యత తీసుకున్నారు. మన ద్రాక్షారామం వైణికుడు ఈమని శంకరశాస్త్రి కూడా ఆ బృందాన్ని నడిపారు. ఎవరెస్టు ఎక్కిన ఘట్టం మీద ఆయన కట్టిన ‘ఆదర్శ శిఖరారోహణం’ వింటే, వీణ తెలిసినవాడి చేతిలో బృందం ఏమవుతుందో తెలుస్తుంది.

పెద్దలు వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరెత్తి, ఆయనైతే దీన్ని ఒప్పుకునేవారు కాదంటున్నారు. నాకు అలా అనిపించదు. 1936లో మన సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయిన ఆయన, పక్కవాద్యమైన వయొలిన్‌తో సోలో కచేరీలు చేశారు. పాశ్చాత్యుల కమాను పనితనాన్ని ఇష్టంగా గమనించి తన వాయింపులోకి తెచ్చుకున్నారు. 1952లో మద్రాసు వచ్చిన పాశ్చాత్య వయొలిన్ దిగ్గజం యెహూదీ మెనూహిన్ ఆయన వయొలిన్ విని మురిసిపోయాడు. బయటి పద్ధతి చూసి భయపడిన మనిషి కాదు ఆయన.

ఆ ఢిల్లీ బృందాన్ని నిలబెట్టింది జీతం. కళాకారులకు రేడియోలో ఉద్యోగం ఉంది కాబట్టి రిహార్సల్‌కు వచ్చి కూర్చోగలిగారు. 2006లో ముంబైలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా పెట్టినప్పుడు కజకిస్తాన్ వయొలినిస్టు మరాత్ బిసెంగలియేవ్‌ను సంగీత దర్శకుడిగా తెచ్చుకున్నారు. వాయించేవాళ్లలో కూడా చాలామందిని విదేశాల నుంచే పిలవాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి అదే పనిగా కూర్చుని వాయించేవాళ్లు ఇక్కడ సరిపడా తయారు కాలేదు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల నిలిచిందన్నా, ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాల్‌గా కూర్చున్నారన్నా వెనుక పోషకుడిగా మహారాజా విజయరామ గజపతిరాజు ఉన్నారు.

కండక్టర్ ఉండాలా వద్దా అని మనవాళ్లు గట్టిగానే వాదించుకుంటున్నారు. ఆ పాతికమంది రోజూ వచ్చి కూర్చుంటే వాళ్ల ఇల్లు ఎలా గడుస్తుందో మాత్రం ఇంకా ఎవరూ ఎత్తలేదు.