మన కంప్యూటర్ ఎవడికి కావాలండీ?

కోనసీమలో ఇంటర్నెట్ దాడుల సంగతి ఎత్తితే వచ్చే జవాబు ఒకటే: "మనదాంట్లో ఏముందండీ, ఎవడికి కావాలి?" వెతికేది మనిషైతే ఆ మాట నిజమే. కానీ వెతికేది ప్రోగ్రాం. ఇంటర్నెట్‌లో యంత్రాలకిచ్చే ఐపీవీ4 రకం చిరునామాలన్నీ కలిపి సుమారు 430 కోట్లు. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన జెడ్‌మ్యాప్ అనే ప్రోగ్రాం, మంచి లైనుంటే, ఒక్క కంప్యూటర్‌తోనే వాటిని 45 నిమిషాల్లోపు తట్టి చూసేస్తుంది. వరద నీరు గట్టులో ఎలుక బొక్క ఎవరి చేను పక్కనుందో చూసి దూరుతుందా?

కొత్త కంప్యూటర్ అంటే పెట్టె కొత్తది. లోపలి సాఫ్ట్‌వేర్ ఫ్యాక్టరీలో ఎక్కించిన నాటిది. అది గోడౌన్‌లో ఉండగా బయటపడ్డ లోపాలకు విరుగుడు దానికింకా అందలేదు. పైగా అప్‌డేట్ విడుదలైందంటే లోపం ఎక్కడుందో దొంగలకూ తెలిసినట్టే. మైక్రోసాఫ్ట్ 2003 జూలై 16న ఒక లోపం సరిచేస్తే, ఆగస్టు 11న బ్లాస్టర్ వార్మ్ (ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రాం) సరిగ్గా దాన్ని పట్టుకునే వచ్చింది. ఎవరూ ఏదీ క్లిక్ చెయ్యనక్కర్లేదు, లైనులో ఉంటే చాలు. అప్‌డేట్ కోసం లైను కలపాలి, కలిపితే వార్మ్ ముందొస్తుంది! రక్షణ లేని విండోస్ సగటున 20 నిమిషాలే నిలుస్తుందని 2004లో కంప్యూటర్ భద్రత చూసే శాన్స్ సంస్థ లెక్క తేల్చింది. ఆ ఆగస్టులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ పెద్ద అప్‌డేట్ సర్వీస్ ప్యాక్ 2 నుంచి, బయటి పలకరింపుల్ని ఆపే ఫైర్‌వాల్ దానంతటదే పనిచెయ్యసాగింది.

ఇప్పుడు వైఫై బాక్సు కూడా అడ్డుంది. లోపల్నుంచి ఎవరూ అడగని పలకరింపు మామూలుగా దాని దగ్గరే ఆగిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో ముందు అప్‌డేట్లు పూర్తికానిచ్చి, తర్వాతే మిగతా పనులు పెట్టుకుంటే చాలావరకు నిశ్చింత.

నా భయమల్లా రొయ్యల చెరువు గట్ల మీది కెమెరాల గురించి. అవీ కంప్యూటర్లే. ఫోన్‌లో కనపడాలని బిగించిన కుర్రాడు బాక్సులో దారి తెరిచిపెట్టి, పాస్‌వర్డ్ కంపెనీదే వదిలేశాడంటే అయిపోయింది. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం చేసిందల్లా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు ఓ అరవై దాకా వరసగా కొట్టి చూడటమే. అలా దాదాపు 6 లక్షల కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లు దాని చేతికి చిక్కాయి. అక్టోబర్ 21న అలా చిక్కినవాటిలో కొన్నిటిని, వెబ్‌సైట్ పేరు చెబితే దాని చిరునామా చూపే డైన్ సంస్థ మీదకు తోలితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి అందలేదు. అలా చిక్కిన కెమెరాలో బొమ్మ మామూలుగానే కనపడుతుంటే యజమానికి అనుమానం ఎందుకొస్తుంది? మిరాయ్ మెమరీలోనే ఉండేది కాబట్టి కరెంటు పోయి వస్తే తుడిచిపెట్టుకుపోయేది (మన కరెంటు కోతలకు ఇదొక్క మేలు చెప్పుకోవచ్చు). పాస్‌వర్డ్ మార్చకపోతే మాత్రం కొద్ది నిమిషాల్లోనే మళ్ళీ దూరేది.