ఎస్‌పీఎఫ్‌లో ‘ఇన్‌క్లూడ్’ చేర్చితే చాలునా? అపోహలు - వాస్తవాలు

అపోహ: మన పేరుతో మెయిల్ పంపే సంస్థను ఎస్‌పీఎఫ్ రికార్డులో, అంటే మన డొమైన్ తరఫున మెయిల్ పంపవచ్చని మనం ప్రకటించే సర్వర్ల జాబితాలో, ‘ఇన్‌క్లూడ్’ అని చేర్చితే పని పూర్తయినట్లే.

వాస్తవం: విజయవాడ, గుంటూరులలో నేను చూసే వ్యాపారులకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఈ నమ్మకం వల్లనే కలుగుతోంది. ఎస్‌పీఎఫ్ పరిశీలించేది గ్రహీతకు కనిపించే ‘ఫ్రమ్’ చిరునామాను కాదు. బౌన్సయిన మెయిల్ తిరిగి చేరవలసిన రిటర్న్ పాత్ డొమైన్‌ను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు, బల్క్ మెయిల్ సేవలు చాలావరకు అక్కడ తమ సొంత డొమైన్‌నే ఉంచుతాయి కనుక, ఫలితం ‘పాస్’ అని వచ్చినా పాసైనది వారి డొమైనే. మన రికార్డును ఎవరూ తెరిచి కూడా చూడరు. తనిఖీలో నెగ్గని మెయిల్‌ను ఏం చేయాలో గ్రహీత సర్వర్‌కు చెప్పే డీమార్క్‌కు కావలసినది ఫ్రమ్‌లోని డొమైన్‌తో అలైన్‌మెంట్, అంటే పాసైన డొమైన్ దానితో సరిపోలడం.

గుంటూరు మిర్చి ఎగుమతిదారు ఒకరు ఇన్‌క్లూడ్ చేర్చి, వాట్సాప్‌లో ఎవరో చెప్పారని డీమార్క్‌ను నేరుగా ‘రిజెక్ట్’లో (నెగ్గని మెయిల్‌ను తిరస్కరించమనే స్థాయిలో) పెట్టారు. ఇన్వాయిస్‌లన్నీ తిరిగి రావడంతో ఖాతా హ్యాక్ అయిందని భయపడి, పాస్‌వర్డులన్నీ మార్చి మరీ నా వద్దకు వచ్చారు. కొనుగోలుదారుకు బిల్లు అందకపోతే చెల్లింపు ఆగుతుంది గనుక ఆయన ఆందోళన అర్థం చేసుకోదగినదే. హ్యాకింగ్ అని తేల్చేసిన సలహాదారులపైనే నాకు విసుగు. బిల్లింగ్ సేవ ఇచ్చిన సీనేమ్ రికార్డులను (ఒక పేరును మరో పేరుకు మళ్లించేవి) ఆయన డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ వివరాలు ఉండే చోట చేర్చి, మెయిల్‌పై పడే డిజిటల్ సంతకమైన డీకిమ్ ఆయన డొమైన్‌తోనే పడేలా చేయగానే మెయిళ్లు చేరాయి. ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒక్కటి అలైన్ అయినా డీమార్క్ నెగ్గుతుంది. ఫార్వర్డ్ చేసినప్పుడు ఎస్‌పీఎఫ్ సాధారణంగా విఫలమవుతుంది, సందేశం మారనంతవరకు డీకిమ్ నిలుస్తుంది. అందుకే నేను డీకిమ్‌నే ముందు సరిచేస్తాను.

అపోహ: ఒక్కో సేవకు ఒక్కో ఎస్‌పీఎఫ్ రికార్డు పెట్టుకోవచ్చు.

వాస్తవం: ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి, రెండుంటే శాశ్వత దోషంగా పరిగణిస్తారు. ఆ రికార్డును పరిశీలించడానికి డీఎన్‌ఎస్‌లో వెతకవలసిన సార్లు (లుకప్‌లు) 10 దాటినా అదే గతి.

అపోహ: జీమెయిల్ నియమాలు పెద్ద కంపెనీలకే.

వాస్తవం: 2024 ఫిబ్రవరి నుంచి, జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5000 లేదా అంతకు మించి మెయిళ్లు పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి, అంతకు తక్కువ పంపేవారికీ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండవలసిందే.

అపోహ: డీమార్క్ ‘నన్’లో (ఏ చర్యా కోరని స్థాయిలో) ఉంటే రక్షణ ఉన్నట్లే.

వాస్తవం: అది నకిలీ మెయిళ్లను ఆపమని కోరదు. అయితే రికార్డులో చిరునామా ఇస్తే, మన పేరుతో ఎవరెవరు మెయిల్ పంపుతున్నారో తెలిపే నివేదికలు తెప్పిస్తుంది. ఆడిటర్ వాడే సాఫ్ట్‌వేర్, హెచ్ఆర్ విభాగం మరచిపోయిన పాత పోర్టల్ వంటివి బయటపడేది వాటిలోనే. అవన్నీ అలైన్ అయ్యాకనే క్వారంటైన్‌కు (నెగ్గని మెయిల్‌ను స్పామ్‌లో వేయమనే స్థాయికి), ఆపై రిజెక్ట్‌కు వెళ్లాలి. వాడకం మానేసిన సేవల ఇన్‌క్లూడ్‌లను, సీనేమ్‌లను ఆ దశలోనే తొలగించండి.